జాస్తి, కమ్మి: ఒక గ్రంథి రెండు ముఖాల కథ

చింతామణిలో రక్తపరీక్షల ల్యాబుల ముందు పొద్దున్నే జనం చేరతారు. పరగడుపున రక్తం ఇచ్చి, సాయంత్రం కాగితం అందుకుని, అందులో ముదురు నలుపులో అచ్చయిన అంకె చూసి ఒకే మాట అనుకుంటారు: "థైరాయిడ్ జాస్తి అయింది." ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడుతూ పెరిగిన ఈ సీమవాళ్ళకు జాస్తి, కమ్మి అనేవి రోజూ నోట నలిగే మాటలు. పులుసులో ఉప్పు జాస్తి, చెరువులో నీళ్ళు కమ్మి. వినగానే అర్థమవుతుంది.

ఆ కాగితం మీద మాత్రం ఆ మాట తలకిందులవుతుంది. ల్యాబు కొలిచిన టీఎస్‌హెచ్ గొంతులోని గ్రంథి తయారుచేసే సరుకు కాదు. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ ఆ గ్రంథికి పంపే తాకీదు. గ్రంథి మందగిస్తే తాకీదులు పెరుగుతాయి, గ్రంథి రెచ్చిపోతే తాకీదులు ఆగిపోతాయి. అంకె జాస్తి అంటే సాధారణంగా గ్రంథి పని కమ్మి అయిందని. అంకె అడుగంటితే పని జాస్తి అయిందని. ఈ తిరకాసు తెలియక "జాస్తి అయిందంట, మాత్ర తగ్గించాలేమో" అని తమకు తామే మందు తగ్గించుకునేవాళ్ళు ఉన్నారు. పని తగ్గిన గ్రంథికి ఊతంగా ఇచ్చిన మాత్రను తగ్గిస్తే లోటు ఇంకా పెరుగుతుంది.

ఈ తికమక ఈ ఊళ్ళది మాత్రమే కాదు. ఇరవై గ్రాములకు అటూ ఇటూ తూగే ఈ చిన్న గ్రంథి ఒకే మనిషిలో ఒకప్పుడు మందగించి, ఒకప్పుడు చెలరేగగలదని తెలుసుకోవడానికి ప్రపంచంలోని పెద్ద వైద్యులకే వందేళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్రలో శ్రీకాకుళంలో పుట్టిన తెలుగు వైద్యుడికి ముఖ్యమైన చోటుంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఇళ్ళలోకి ఆ చరిత్ర ఉప్పు డబ్బా దారిన వచ్చింది.

2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయ్యేదాకా ఈ మూడు తాలూకాలూ కోలారు జిల్లాలోవే. నంది కొండల చుట్టుపక్కల ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపఘ్ని, అర్కావతి పుడతాయి. ఇన్ని నదుల పుట్టిల్లయినా ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. అందుకే పూర్వం ఎక్కడ పల్లం ఉంటే అక్కడ చెరువు కట్టారు. చింతామణి తాలూకా కైవారంలో తాతయ్యగా జనం కొలిచే యోగి నారేయణ తెలుగులోనూ కన్నడలోనూ పాటలు కట్టింది ఈ నేల మీదే. అనంతపురం సీమకు ఆనుకున్న బాగేపల్లిలో సంతకు వచ్చే పల్లెవాళ్ళ మాట ఈనాటికీ ఎక్కువగా తెలుగే.

సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఊళ్ళకు ఉప్పు ఎక్కడిది? పాత రోజుల్లో కొంత నేల నుంచే వచ్చేది. మైసూరు మైదానంలో ఎండాకాలం పల్లపు నేలల మీద తెల్లగా పొంగే చవుడును ఉప్పరవాళ్ళు గీకి కుప్పలు పోసేవారు. ఎత్తుగా కట్టిన మట్టి తొట్టెలో ఆ చవుడు నింపి నీళ్ళు పోస్తే, ఉప్పదనం కరిగి అడుగు నుంచి ఊరి కాలువగుండా బయటికి వచ్చేది. ఆ నీటిని గట్టిగా మెత్తిన మడుల్లో ఎండబెడితే ఉప్పు తేలేది. బూడిద రంగులో, కాస్త చేదుగా ఉండే ఆ చవుటి ఉప్పు సముద్రపు ఉప్పు కన్నా చవక. పేదవాడి సంగటి పక్కన పులుసులో పడింది అదే. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల గ్రంథంలో ఉప్పరవాళ్ళ ఈ పనిని రాసిపెట్టాడు. ఉప్పు తీసే పని పోయాక వాళ్ళు చెరువులు తవ్వే పనికీ, మట్టి పనికీ మళ్ళారు.

మంచి ఉప్పు కావాలంటే తీరం నుంచి రావాలి. దాన్ని తెచ్చింది లంబాడీలు, కొరచలు. ఎద్దుల మీద, గాడిదల మీద గోనెలు వేసుకుని తీరం నుంచి కొండమీది సీమకు ఉప్పు తెచ్చి, తిరుగుదారిలో ధాన్యం తీసుకుపోయేవారు. ఉప్పు కొరవలని ఒక శాఖకు పేరే నిలిచిపోయింది. రైళ్ళు వచ్చి ఆ బతుకుతెరువును దెబ్బతీశాయని థర్‌స్టన్ కాలానికే గుర్తించారు. ఈ ప్రాంతంలో అది 1910లలో జరిగింది. బెంగుళూరు నుంచి చిక్కబళ్ళాపురానికీ, కోలారు వైపు నుంచి చింతామణి మీదుగానూ చిన్న రైళ్ళు నడవడం మొదలయ్యాక బిడారు వ్యాపారానికి నూకలు చెల్లాయి. అంగడిలో గోనె సంచి నోరు తెరిచి కొలిచి పోసే కల్లుప్పు ఇంటింటి ఉప్పయింది.

ఈ ఉప్పులన్నిటిలో ఒకటి కొరవడింది. అయొడిన్. చవుటి ఉప్పులో అది లెక్కలోకి రాదు. సముద్రపు ఉప్పులో కూడా ఉండేది అతి స్వల్పం, సముద్రంలో పుట్టింది కాబట్టి అయొడిన్ దండిగా ఉంటుందనేది పొరపాటు నమ్మకం. థైరాయిడ్ హార్మోనుకు ముడిసరుకు అయొడినే. పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, జీవితమంతా కలిపినా చెంచాకు మించదు. ఆ చిటికెడైనా అందకపోతే గ్రంథి ఉన్నదాన్నే గుంజుకోవడానికి ఉబ్బుతుంది. గొంతు ముందు గడ్డలా వేలాడుతుంది.

ఆ గడ్డను మన వైద్యులు ఎప్పుడో చూశారు. సుశ్రుత సంహిత దాన్ని గలగండం అని పిలిచి వాతం, కఫం, మేదస్సుల వల్ల మూడు రకాలుగా వస్తుందని చెప్పింది. గడ్డ కంటికి కనబడుతుంది గనక దానికి పేరు దొరికింది. గడ్డ లేకుండా మనిషిని లోపల నుంచి మార్చే జబ్బుకు మాత్రం ఇంట్లో వేరే పేర్లు వచ్చాయి. ఎప్పుడూ చలి, ముఖం ఉబ్బు, ఒళ్ళు బరువు అయితే "వాతం చేసింది", "నీరు పట్టింది". చెమటలు, దడ, చేతుల వణుకు, తిన్నా ఒళ్ళు పట్టకపోవడం అయితే "వేడి చేసింది", "దిష్టి తగిలింది", "గాలి సోకింది". మొదటిదానికి వేడి వస్తువులు, రెండోదానికి చలువ. ఈ రెండూ ఒకే చోటునుంచి పుట్టవచ్చని ఎవరికీ తోచలేదు. తోచనందుకు ఆ ఇళ్ళను తప్పుపట్టడం అన్యాయం, ఎందుకంటే అదే కాలంలో లండన్‌లో, జెనీవాలో, బెర్న్‌లో కూడా ఎవరికీ తోచలేదు.

ఐరోపాలో ముందు పేరు వచ్చింది రెచ్చిపోయే గ్రంథికి. ఇంగ్లండులో కేలబ్ ప్యారీ 1786లో అలాంటి రోగిని చూశాడు, ఆయన రాత ఆయన చనిపోయాక 1825లో అచ్చయింది. డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ 1835లో, జర్మనీలో కార్ల్ బాసెడో 1840లో అదే జబ్బును వివరించారు. ఉబ్బిన గొంతు, ముందుకు పొడుచుకొచ్చిన కళ్ళు, పరుగెత్తే గుండె దాని గుర్తులు. గుండె అదురుతుంది గనక చాలామంది దాన్ని గుండెజబ్బు అనుకున్నారు, మరికొందరు నరాల జబ్బు అన్నారు.

రెండో కొసన ఉన్న జబ్బుకు పేరు రావడానికి ఇంకో తరం పట్టింది. 1873లో లండన్‌లో విలియం గల్, నడివయసు ఆడవాళ్ళలో ముఖం ఉబ్బి, మాట మందమై, ఆలోచన నిదానించే స్థితిని వర్ణించాడు. కొన్నేళ్ళకు విలియం ఆర్డ్ దానికి మిక్సిడీమా అని పేరు పెట్టాడు. అప్పటికీ ఆ ఉబ్బుకూ గొంతుకూ ముడిపడలేదు. ముడివేసింది స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు థియొడోర్ కోకర్ పొరపాటు. గొంతుగడ్డలను పూర్తిగా కోసి తీసేయడంలో ఆయన చేయితిరిగినవాడు. 1874లో అలా ఆపరేషన్ చేసిన 11 ఏళ్ళ పాప ఎదుగుదల ఆగి మందబుద్ధిగా మారిందని తరవాత తెలిసింది. గ్రంథి మొత్తం తీసేసిన తన పాత రోగులను పిలిపించి చూస్తే 18 మందిలో 16 మంది అదే దారిలో ఉన్నారు. కోకర్ ఆ తప్పును దాచలేదు. 1883లో సాటి శస్త్రవైద్యుల ముందు చెప్పి, గ్రంథి మొత్తం తీయడం మానేశాడు. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. గ్రంథి లేకపోతే మనిషి ఏమవుతాడో ప్రపంచానికి తెలిసింది ఆ పదహారు మంది కష్టం వల్ల.

1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని మిక్సిడీమా ఉన్న 46 ఏళ్ళ స్త్రీకి సూదిద్వారా ఎక్కించాడు. కొన్ని వారాల్లో వాపు తగ్గింది, మాట తేటపడింది, ఒంట్లో వెచ్చదనం వచ్చింది. ఆమె ఇంకో 28 ఏళ్ళు, 1919 దాకా బతికింది. ఆ కాలమంతా ఆమెను నిలబెట్టిన మందు 870కి పైగా గొర్రెల గ్రంథుల నుంచి తీసిందని ముర్రే లెక్క రాసిపెట్టాడు.

ఒక అంచు నుంచి ఇంకో అంచుకు దాటడాన్ని వైద్యులు కళ్ళారా చూసింది అప్పుడే. రసం మోతాదు మించితే, చలికి ముడుచుకున్న మనిషే చెమటలు కక్కేది. నిదానంగా కొట్టుకునే నాడి పరుగందుకునేది. ఒళ్ళు తీసేది. అలా మందగింపు, రెచ్చిపోవడం అనేవి ఒకే తక్కెడకు రెండు తట్టలని తేలింది. దీనికి ముందే ఒక హెచ్చరిక వచ్చింది, కానీ దాన్ని అర్థం చేసుకునే తెలివి అప్పటికి పోగవలేదు. జెనీవాలో జాఁ ఫ్రాన్స్వా క్వాండే 1820లో గొంతుగడ్డలకు అయొడిన్ ఇచ్చి మేలు చూశాడు. మరుసటి ఏడే, కొందరికి దడ, బక్కచిక్కడం వస్తున్నాయని రాశాడు. ఆకలిగొన్న గ్రంథికి ఒక్కసారిగా ముడిసరుకు దొరికితే అది అదుపు తప్పుతుందని తరవాత తెలిసింది.

మందు బయటినుంచి పోయకుండానే గ్రంథి తనంతట తాను అటూ ఇటూ ఊగుతుందా? దీనికి జవాబు జపాన్ నుంచి మొదలైంది. 1912లో హకారు హషిమోతో నలుగురు ఆడవాళ్ళ గొంతుగడ్డలను సూక్ష్మదర్శినిలో చూసి, గ్రంథి నిండా రోగనిరోధక కణాలు చేరాయని రాశాడు. 1956లో ఇంగ్లండు, అమెరికా పరిశోధకులు ఆ చిక్కుముడి విప్పారు: శరీరం తన గ్రంథినే శత్రువుగా తలచి దాడిచేస్తోంది. అదే ఏడు న్యూజిలాండ్‌లో ఆడమ్స్, పర్వెస్ అనే ఇద్దరు, గ్రేవ్స్ జబ్బున్నవాళ్ళ రక్తంలో గ్రంథిని అదేపనిగా ఉసిగొలిపే పదార్థం ఉందని కనుగొన్నారు. అంటే రెండు జబ్బులకూ మూలం శరీరపు కాపలా దారి తప్పడమే. హషిమోతో దాడి మొదట్లో గ్రంథి గోడలు పగిలి నిల్వ ఉన్న హార్మోను ఒక్కసారిగా రక్తంలోకి దొర్లవచ్చు. అప్పుడు కొన్ని వారాలు దడ, వణుకు. నిల్వ అయిపోయాక చలి, బరువు. అదే మనిషి, అదే జబ్బు, రెండు ముఖాలు.

ఈ ఊగిసలాట అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది బాలింతల్లో. ఈ సీమలో బాలింతకు తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, పథ్యంతో నెలల తరబడి కాపాడే ఆచారం ఉంది. ఆ రోజుల్లో ఆమెకు దడ వస్తే గాలి సోకిందంటారు, ఆ తరవాత నీరసం వస్తే రక్తం పోయిన బలహీనత అంటారు, ఏడుపు వస్తే పుట్టింటి మీద బెంగ అంటారు. 1948లో న్యూజిలాండ్‌లో రాబర్టన్ అనే పల్లె వైద్యుడు కాన్పు తరవాత మందగించిన ఆడవాళ్ళకు థైరాయిడ్ మాత్రలు ఇచ్చి మేలు చూశాడు. ఆ మాట పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు. 1982లో జపాన్‌లో నొబుయుకి అమినో బృందం 507 మంది బాలింతలను కాన్పు తరవాత నెలల తరబడి పరిశీలించి, 5.5 శాతం మందిలో గ్రంథి ఇలా దారి తప్పిందని చూపింది. సాధారణ వరస ఇది: కాన్పయిన మొదటి నెలల్లో రెచ్చిపోవడం, ఆ తరవాత మందగింపు, ఏడాది తిరిగేసరికి చాలామందిలో మళ్ళీ కుదురుకోవడం. కొందరికి మాత్రం మందగింపే నిలిచిపోతుంది. ఇరవై మందిలో ఒకరంటే ప్రతి పల్లెలోనూ ఉండి ఉంటారు. వాళ్ళ ఒంట్లో జరిగిన మార్పుకు పేరు లేనన్నాళ్ళూ నింద వాళ్ళ స్వభావం మీదే పడింది.

మన దేశంలో అయొడిన్ కథ దక్షిణాది కొండ ఊరు కూనూరు మీదుగా నడిచింది. గిల్గిత్ లోయలో గొంతుగడ్డల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన రాబర్ట్ మెకారిసన్ తరవాత కూనూరులో పోషకాహార పరిశోధనకు పునాది వేశాడు. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, జాతీయ పోషకాహార సంస్థగా పేరు తెచ్చుకుంది. కూనూరులో పనిచేసినవాళ్ళలో వులిమిరి రామలింగస్వామి ఒకరు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివినవాడు. ఆయన బృందం 1956లో హిమాలయాల అడుగున కాంగ్డా లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు పంపింది. కొన్నేళ్ళలో అయొడిన్ ఉప్పు తిన్న చోట పిల్లల గొంతుగడ్డలు గణనీయంగా తగ్గాయి. మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. ఆ తరవాత మూడో మండలానికీ అయొడిన్ ఉప్పే ఇచ్చారు.

ఆ ఫలితమే దేశపు ఉప్పును మార్చింది. 1962లో జాతీయ గాయిటర్ (గొంతుగడ్డ) నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఈ జబ్బు కొండ ప్రాంతాలకే పరిమితం కాదని సర్వేలు చెప్పాక, 1980లలో దేశమంతటికీ అయొడిన్ ఉప్పే ఇవ్వాలని నిర్ణయించారు. 1983లో టాటా సాల్ట్ ప్యాకెట్ వచ్చింది. 1992లో కార్యక్రమం పేరులో గాయిటర్ స్థానంలో అయొడిన్ లోప రుగ్మతలు అన్న మాట చేరింది, ఎందుకంటే లోపం గొంతును ఉబ్బించడంతో ఆగదు, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. అయొడిన్ కలపని ఉప్పును వంటకు అమ్మడంపై నిషేధాన్ని 2000లో ఎత్తేసి, 2006లో మళ్ళీ తెచ్చారు. వినియోగదారు చేతికి చేరేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం అయొడిన్ ఉండాలన్నది లెక్క. బాగేపల్లి అంగళ్ళలో గోనెలోని కల్లుప్పు పక్కకు జరిగి, ప్యాకెట్ ఉప్పు ముందుకొచ్చింది. ఆవకాయకు మాత్రం కల్లుప్పే కావాలని పట్టుబట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

ఇక్కడ తక్కెడ రెండో తట్ట సంగతి కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో 1966లో రొట్టెలో అయొడిన్ కలపడం మొదలెట్టాక గ్రంథి రెచ్చిపోయిన కేసులు కొన్నేళ్ళు పెరిగాయి. ఏళ్ళ తరబడి గొంతుగడ్డలున్న, నలభై దాటినవాళ్ళే అందులో ఎక్కువ. క్వాండే 1821లో చూసింది ఒక దీవి మొత్తంలో మళ్ళీ కనిపించింది. కొన్నేళ్ళకు ఆ ఉప్పెన తగ్గింది. దీన్ని చూపి అయొడిన్ ఉప్పు చెడ్డదని ప్రచారం చేసేవాళ్ళు, ఆ ఉప్పు లేక మందబుద్ధితో పుట్టిన పిల్లల సంగతి ఎత్తరు.

గ్రంథి ఏ తట్టకు వాలిందో తేల్చడానికి చాలాకాలం నాడి, ఒంటి వేడి, బరువు తప్ప వేరే ఆధారం లేదు. 1895 నుంచి, మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎంత ప్రాణవాయువు వాడుకుంటాడో కొలిచి జీవక్రియ వేగం చూసేవారు. 1960లలో రేడియో ఇమ్యునో పరీక్ష టీఎస్‌హెచ్‌ను కొలిచింది. ఆ పద్ధతిని మొదట ఇన్సులిన్ కోసం కనిపెట్టిన రోజలిన్ యాలో 1977లో నోబెల్ అందుకుంది. తొలి పరీక్షలు ఎక్కువ అంకెను పట్టగలిగాయి గానీ, మామూలు అంకెకూ అడుగంటిన అంకెకూ తేడా చెప్పలేకపోయాయి. అంటే మందగింపు కాగితం మీదికి ఎక్కింది, రెచ్చిపోవడం ఎక్కలేదు. 1980లలో సున్నితమైన పరీక్షలు వచ్చాకే ఒక్క గొట్టం రక్తంతో రెండు తట్టలూ చూడడం కుదిరింది. చింతామణి ల్యాబు కాగితం వెనక ఇంత ప్రయాణం ఉంది.

ఉప్పు మారింది, పరీక్ష వచ్చింది. ఈలోగా నీళ్ళూ మారాయి. చెరువులు ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటాక బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళు పెద్ద కష్టమయ్యాయి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణం. దేశంలో ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించి 1937లో రాసింది పొదిలి, దర్శి ప్రాంతం గురించే. ఫ్లోరైడ్ పళ్ళనూ ఎముకలనూ దెబ్బతీస్తుందన్నది నిశ్చయం. థైరాయిడ్ విషయంలో పరిశోధకులది ఇంకా ఒకే మాట కాదు, అయితే 1950లలో రెచ్చిపోయిన గ్రంథిని నెమ్మదింపజేయడానికి పెద్ద మోతాదు ఫ్లోరైడ్ ఇచ్చి చూసిన వైద్యులున్నారు. ఈ నీళ్ళు తాగే ఇంట్లో ఎవరికైనా నీరసం ఆగకపోతే, ఎముకల పరీక్షతో పాటు థైరాయిడ్ పరీక్ష కూడా చేయించమని అడగడం తప్పు కాదు.

2013లో వెలువడిన ఎనిమిది నగరాల అధ్యయనంలో బెంగుళూరు, హైదరాబాదు కూడా ఉన్నాయి. 5,376 మంది పెద్దవాళ్ళను పరీక్షిస్తే 10.95 శాతం మందిలో గ్రంథి మందగించి ఉంది. అందులో మూడోవంతు మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అవి పట్నాల లెక్కలు. కానీ చిక్కబళ్ళాపురం నుంచి బెంగుళూరుకు కూలికీ, కాలేజీకీ రోజూ పోయి వచ్చేవాళ్ళున్న కాలంలో పట్నానికీ పల్లెకూ మధ్య గోడ ఎంతని?

మార్పును పసిగట్టడమనే విద్య ఈ సీమకు కొత్తది కాదు. శిడ్లఘట్ట, చింతామణి చుట్టూ రేష్మే (పట్టు) పురుగు పెంచే ఇళ్ళలో ఆ విద్య చేతికి అలవాటై ఉంటుంది. పురుగు మేత ఎంత తిన్నది, ఎప్పుడు తల ఎత్తి, పొర విడిచే జ్వరానికి కూర్చున్నది, ఎప్పుడు లేచింది, ఇంట్లో వేడి ఎంత, తేమ ఎంత అని పూటపూటకూ చూస్తారు. ఒక్క పూట చూసి చెప్పరు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూస్తారు. థైరాయిడ్ విషయంలోనూ అడగవలసిన ప్రశ్నలు అలాంటివే. నిన్నటిదాకా దుప్పటి వదలని మనిషి ఇవాళ ఫ్యాను కింద నుంచి లేవడం లేదా? మలబద్ధకం పోయి ఊరికే విరేచనాలవుతున్నాయా? తిండి పెరిగినా రవికె వదులైందా? కూర్చున్నప్పుడే దడ, చాచిన వేళ్ళలో వణుకు ఉన్నాయా? ఇవి రెచ్చిపోతున్న వైపు. ఎదురు వైపు చూస్తే, గొంతు బొంగురు, పాదాల పగుళ్ళు, రుతుస్రావం ఎక్కువవడం, పొద్దున లేచేసరికి కనురెప్పల ఉబ్బు, నాడి నిదానించడం. జుట్టు రాలడం, అలసట, నిద్ర చెడడం, మనసు నిలకడ తప్పడం రెండు వైపులా ఉంటాయి. వాటిని బట్టి పక్క తేల్చడం కుదరదు.

పెద్ద వయసువాళ్ళ దగ్గర ఇంకో మోసం ఉంది. వాళ్ళలో గ్రంథి రెచ్చిపోయినా వణుకూ చెమటా కనబడకపోవచ్చు. మాట్లాడకుండా మూల కూర్చుంటారు, బక్కచిక్కుతారు, నాడి లయ తప్పుతుంది. అమెరికా వైద్యుడు ఫ్రాంక్ లేహీ 1931లోనే దీన్ని వివరించాడు. "వయసు మీద పడింది" అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటే ఆ నాడి తీరు పక్షవాతం దాకా తీసుకుపోగలదు.

వైద్యమే తట్ట మార్చే సందర్భాలు కూడా ఎక్కువే. రెచ్చిపోయిన గ్రంథిని అణచే మాత్రలు 1940లలో వచ్చాయి. 1941లో సాల్ హెర్ట్జ్ బోస్టన్‌లో రేడియో అయొడిన్‌తో మొదటిసారి వైద్యం చేశాడు. అది తీసుకున్నవాళ్ళలో చాలామందికి గ్రంథి శాశ్వతంగా మందగిస్తుంది, కాబట్టి పాత దడ పోయిందని ఊపిరి పీల్చుకున్న మనిషే కొన్నాళ్ళకు చలికి వణకవచ్చు. ఎదురు దారిలో, లెవోథైరాక్సిన్ మోతాదు మించితే మందగించిన మనిషి రెచ్చిపోతాడు. మోతాదు మార్చాక రక్తంలో అంకె కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పరగడుపున వేసుకోవలసిన మాత్రను పాల కాఫీతో మింగినా, అంగన్‌వాడీలో ఇచ్చిన ఇనుము, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకున్నా అది సరిగా ఒంటికి పట్టదు. ఇనుము, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఏ మార్పు కనబడినా మాత్ర సొంతంగా పెంచడం, తగ్గించడం, మానడం కాక, తేదీలతో సహా వైద్యుడికి చెప్పడమే పని.

ఆ తేదీలు రాసుకునే అలవాటు ఈ ఇళ్ళలో ముందే ఉంది. పొద్దున, సాయంత్రం పాల డెయిరీకి క్యాను మోసే ఆడవాళ్ళ చేతిలో ఒక పాసు పుస్తకం ఉంటుంది. ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థం) ఎంత అని పూటపూటా అందులో ఎక్కుతుంది. ఫ్యాట్ ఒక పాయింటు పడిపోతే ఆవుకు మేత మారిందా, ఒంట్లో బాగాలేదా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆ పుస్తకం వెనక అట్ట మీద నెలకోసారి తన బరువు, మంచం దిగకముందు నిమిషానికి నాడి, నెలసరి తేదీ, చలో వేడో ఒక్క ముక్క, మాత్ర ఎన్ని మైక్రోగ్రాములో రాసుకోవడానికి ఒక్క పెన్సిలు గీత చాలు. ల్యాబు కాగితం వచ్చిన రోజున ఆ గీతల పక్కన టీఎస్‌హెచ్ అంకె కూడా చేరుతుంది, దాని కింద జాస్తికీ కమ్మికీ అర్థం తలకిందులని గుర్తుగా ఒక బాణం గుర్తుతో.